అమ్మాయి లాటిన్ హోంవర్కు, అమ్మ తెలుగు విభక్తులు

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి ఏడో తరగతి. స్కూల్లో స్పానిష్, ఫ్రెంచ్, లాటిన్‌లలో ఏదో ఒకటి తీసుకోమంటే, స్పెల్లింగ్ పోటీలకు పనికొస్తుందని లాటిన్ తీసుకుంది. ఇప్పుడు ఆ క్లాసంటేనే టెన్షన్ పడుతోంది. మొన్న "లుపుమ్ పుఎల్ల విదెత్" అనే వాక్యానికి "తోడేలు అమ్మాయిని చూస్తోంది" అని రాస్తే తప్పు కొట్టారు. మాటలు ఉన్న వరసలోనే రాశాను కదా అని దాని వాదన. టీచరేమో "ముందు పార్ట్స్ ఆఫ్ స్పీచ్ గట్టి చేసుకోవాలి" అని నోట్ పంపారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను. ఇంగ్లిష్ గ్రామర్ నాకే అంతంతమాత్రం. దానికి ముందు ఇంగ్లిష్ గ్రామర్ చెప్పించాలా? నాకు గుర్తున్న "డు, ము, వు, లు", "రామః రామౌ రామాః" ఏమైనా పనికొస్తాయా, లేక ఇంకా తికమక పెడతాయా? లాటిన్ సంస్కృతం నుంచే పుట్టింది, సులువే అంటారు మా మామగారు. ట్యూషన్ పెట్టించమంటారా? అమ్మాయి తెలుగు బాగా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు.

సమాధానం: ముందు ఆ తోడేలు సంగతి చూద్దాం. ఇంగ్లిష్ గ్రామర్ రాక మీ అమ్మాయి ఆ తప్పు చేసిందనుకోను. ఇంగ్లిష్ బాగా ఒంటబట్టడం వల్లే చేసింది. ఇంగ్లిష్ వాక్యంలో క్రియకు ముందున్న మాట కర్త, వెనకున్నది కర్మ. ఆ రెండిటి చోటు మారిస్తే అర్థం తలకిందులవుతుంది. రోజంతా ఆ భాషలో చదివే పిల్ల, మొదటి మాట కనబడగానే ఇదే కర్త అనుకోవడంలో వింత లేదు. లాటిన్‌లో ఆ లెక్క కుదరదు. అక్కడ మాట ఎక్కడ ఉందన్నది కాదు, మాట చివర ఏముందన్నది చూడాలి.

అదే వాక్యాన్ని మాటకు మాటగా తెలుగులో పెట్టండి: "తోడేలుని అమ్మాయి చూస్తోంది." ఎవరు చూస్తున్నారని మీ అమ్మాయిని అడిగితే ఆలోచించకుండా చెప్పేస్తుంది. "ని" ఎక్కడుంటే అది కర్మ అని తనకు ఎవరూ పాఠం చెప్పలేదు, మాటలతో పాటే వచ్చేసింది. తెలుగులో "ని" చేసే పనిని లాటిన్‌లో చివరి "మ్" చేస్తోంది. లుపుస్ అంటే తోడేలు, లుపుమ్ అంటే తోడేలుని. కాబట్టి లాటిన్ వాక్యాన్ని ముందు తెలుగులో చెప్పించండి. నోటితో చాలు, రాయక్కర్లేదు. ఇంగ్లిష్‌లో రాయడం ఆ తర్వాత. మొదట్లో ఇది రెట్టింపు పనిలా కనిపిస్తుంది, కానీ లాటిన్ నుంచి నేరుగా ఇంగ్లిష్‌లోకి దూకినప్పుడే ఈ తోడేలు తప్పులన్నీ దొర్లుతాయి.

ఇక్కడ లాటిన్ మాటల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ప్రాచీన రోమన్ల ఉచ్చారణ పద్ధతిలో చదువుకోండి. అమెరికా స్కూళ్ళలో ఎక్కువగా ఇదే చెబుతారు. చర్చి ప్రార్థనల్లో వినబడే ఉచ్చారణ ఇటాలియన్‌కు దగ్గరగా, కొంచెం వేరుగా ఉంటుంది. యూట్యూబ్‌లో రెండూ దొరుకుతాయి కాబట్టి ఏది వింటున్నారో చూసుకోండి.

టీచర్ చెప్పిన పార్ట్స్ ఆఫ్ స్పీచ్ గురించి. క్రీస్తుశకం 4వ శతాబ్దంలో రోమ్‌లో దొనాతుస్ అనే వ్యాకరణ పంతులుగారు ఉండేవారు. బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన సెయింట్ జెరోమ్‌కు చదువు చెప్పింది ఈయనే. చిన్నపిల్లల కోసం ప్రశ్న, జవాబు పద్ధతిలో ఓ చిన్న వ్యాకరణం రాశారు. అందులో మొదటి ప్రశ్నే "పర్తేస్ ఓరాతియోనిస్ క్వొత్ సున్త్?" భాషాభాగాలు ఎన్ని? "ఒక్తో." ఎనిమిది. నామవాచకం, సర్వనామం, క్రియ, క్రియా విశేషణం, కృదంతం, సముచ్చయం, ప్రిపొజిషన్, ఆశ్చర్యార్థకం. యూరప్‌లో మధ్యయుగాల పిల్లలు వందల ఏళ్ళపాటు దీన్ని మన ఎక్కాల్లా వల్లె వేశారు. విశేషణం ఆ ఎనిమిదిలో లేదని గమనించారా? దొనాతుస్ దాన్ని నామవాచకంలోనే కలిపేశారు, ఎందుకంటే లాటిన్ విశేషణం కూడా నామవాచకంలాగే విభక్తులు తగిలించుకుని తిరుగుతుంది. ఆ గొడవ కాసేపట్లో చూద్దాం.

మీరు బడిలో చదివినవి ఐదు: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. లాటిన్ మొదలుపెట్టే పిల్లకు ఆ ఐదు చాలు. ఎనిమిదికంటే ఇవే మేలంటాను, కారణం ఆ చివరి పేరు. అవ్యయం అంటే మార్పు లేనిది. లాటిన్ మాట కనబడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది మారే మాటా, మారని మాటా అని. మారనిదైతే నిఘంటువులో అర్థం చూసి ముందుకు పోవడమే. మారేదైతే విభక్తులతో మారేదా, అంటే మొదటి మూడింట్లో ఒకటా, లేక ఎవరు చేస్తున్నారన్నదాన్ని బట్టి మారే క్రియా? పార్ట్స్ ఆఫ్ స్పీచ్ గట్టి చేసుకోవడమంటే నిర్వచనాలు బట్టీ పట్టడం అనుకోకండి. ఒక మాటను చూడగానే దాని తోకను పట్టించుకోవాలా వద్దా అని తేల్చుకోగలగడం, అంతే.

తర్వాత క్రియ. వాక్యంలో అన్నిటికంటే ముందు దాన్నే పట్టుకోమనండి. లాటిన్‌లో అది చాలాసార్లు తెలుగులోలాగే చివర ఉంటుంది. "ప్రేమించు" అనే క్రియ ఇలా నడుస్తుంది: అమో, అమాస్, అమత్, అమాముస్, అమాతిస్, అమన్త్. ప్రేమిస్తాను, ప్రేమిస్తావు, ప్రేమిస్తాడు, ప్రేమిస్తాం, ప్రేమిస్తారు, వాళ్ళు ప్రేమిస్తారు. "నేను", "నువ్వు" అని విడిగా చెప్పక్కర్లేదు, క్రియ తోకలోనే ఉన్నాయి. "వస్తాను" అంటే ఎవరొస్తారో మనకు తెలిసినట్టే. ఇంగ్లిష్ మాత్రమే తెలిసిన పిల్లలకు ఇది నమ్మశక్యం కాదు, "నేను" ఎక్కడుందని వెతుకుతారు. మీ ఇంటర్ సంస్కృతం ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. పఠతి, పఠన్తి గుర్తున్నాయా? అమత్, అమన్త్ పక్కన పెట్టి చూడండి. ఒకరైతే "త్", ఎక్కువమందైతే "న్త్". "ఉండు" అనే క్రియలో మరీ స్పష్టం: అస్తి, సన్తి అని మీరు చదివినవే లాటిన్‌లో ఎస్త్, సున్త్. ఇంకో శుభవార్త, లాటిన్‌లో ద్వివచనం లేదు. "రామౌ"ను పూర్తిగా మరిచిపోవచ్చు.

తెలుగుకీ దీనికీ ఒక తేడా ఉంది. మనకు ప్రేమిస్తాడు, ప్రేమిస్తుంది వేరు. లాటిన్ అమత్‌లో ఆడా మగా తెలియదు. కర్తను వేరే మాటగా చెప్పకపోతే పైవాక్యాన్ని బట్టి ఊహించుకోవాలి. టెస్టులో "అతను" అని రాయాలా, "ఆమె" అనా అని పిల్లలు బెంగపెట్టుకుంటారు. సందర్భం లేకపోతే రెండూ ఒప్పే.

క్రియ దొరికాక ప్రశ్నలు వేయాలి, ఆ ప్రశ్నలు తెలుగులోనే వేయండి. ఎవరు? ఎవరిని? ఎవరికి? ఎవరి? ఎవరితో? ఎక్కడ? ఎక్కణ్ణుంచి? మన ప్రశ్నలోనే విభక్తి ఉంది, కాబట్టి జవాబు ఏ విభక్తిలో రావాలో ప్రశ్నే చెప్పేస్తుంది. "ఎవరు" అన్నదానికి జవాబు నామినేటివ్. "ఎవరిని, దేన్ని" అన్నదానికి అక్యూజటివ్. "ఎవరికి" అంటే డేటివ్. "ఎవరి" అంటే జెనిటివ్. మిగిలినవి ఎక్కువగా అబ్లేటివ్ ఖాతాలోకి పోతాయి. ఈ ఐదు పేర్లూ స్కూల్లో వాడతారు కాబట్టి తనకు రావాలి. అర్థం మాత్రం ఎవరు, ఎవరిని, ఎవరికి అన్న మాటలతోనే పట్టుకోనివ్వండి.

మీ "డు, ము, వు, లు" వరస గురించి ఒక హెచ్చరిక. ఆ పద్యంలాంటి వరసను నేరుగా లాటిన్‌కు అతికించకండి. మన బడి వ్యాకరణంలో "కి, కు" షష్ఠీ విభక్తిలో, "యొక్క" పక్కన కూర్చున్నాయి. చతుర్థిలో "కొఱకు, కై" ఉంటాయి. లాటిన్ డేటివ్‌కు సరిపోయేది చాలాసార్లు మన "కి, కు". మీరు నంబరును నమ్ముకుని షష్ఠి అంటే జెనిటివ్ అని చెప్పేస్తే, అమ్మాయి "రైతుకు" అన్నదాన్ని జెనిటివ్ చేసి కూర్చుంటుంది. నంబర్లు వదిలేయండి, ప్రత్యయాన్ని చూడండి.

ఈ డేటివ్ దగ్గర తెలుగు పిల్లలకు ఇంగ్లిష్ పిల్లలమీద ఉన్న సౌకర్యం ఇంతా అంతా కాదు. "నాకు పుస్తకం ఉంది" అని మనం అంటాం. లాటిన్ కూడా అంతే: "మిహి లిబెర్ ఎస్త్." మిహి అంటే నాకు. "నాకు నచ్చింది" అనడంలోనూ అంతే. "పుఎల్లై రొస ప్లకెత్" అంటే "అమ్మాయికి గులాబీ నచ్చుతుంది." ఇంగ్లిష్‌లో అమ్మాయి కర్త అయిపోతుంది, గులాబీ కర్మ అయిపోతుంది, అందుకే క్లాసులో దీన్ని ప్రత్యేక నియమంగా ఓ పేజీ చెబుతారు. మీ ఇంట్లో అది నియమం కానే కాదు.

అక్యూజటివ్ దగ్గర మాత్రం తెలుగు కొంచెం మోసం చేస్తుంది. ప్రాణమున్న వాటికి "ని" పెడతాం, లేనివాటికి చాలాసార్లు వదిలేస్తాం. "అమ్మాయిని చూశాను", కానీ "గులాబీ చూశాను". లాటిన్‌లో గులాబీ ఏమీ మినహాయింపు కాదు, "రొసమ్" అనాల్సిందే. అందుకే వస్తువులొచ్చినప్పుడు "దేన్ని?" అని గట్టిగా అడగండి. ఏకవచనంలో పుంలింగ, స్త్రీలింగ నామవాచకాలకు అన్ని డిక్లెన్షన్లలోనూ (ఒకే తీరుగా విభక్తులు తగిలించుకునే మాటల కుటుంబాలను డిక్లెన్షన్లంటారు) ఈ "మ్" ఉంటుంది: రొసమ్, లుపుమ్, రేగెమ్, దిఎమ్. రామమ్, లతామ్, హరిమ్, గురుమ్ అని మీరు చదివింది ఇదే చుట్టరికం.

ఇక అబ్లేటివ్. ఒకప్పుడు వేరువేరుగా ఉన్న మూడు విభక్తులు లాటిన్‌లో ఒక్కటైపోయాయి: మన లెక్కలో "చేత, తో" అనే తృతీయ, "నుంచి, కంటె" అనే పంచమి, "అందు, న", అంటే "లో" అనే అర్థమిచ్చే సప్తమి. ఏ అర్థమో పక్కనున్న మాటను బట్టీ సందర్భాన్ని బట్టీ తెలుస్తుంది. పిల్లలు అన్నిటికంటే ఎక్కువ భయపడేది దీనికే. భయం పోవడానికి మీ దగ్గర మంచి సరుకుంది. కాలేజీలో మీరు తెచ్చుకున్న బోనఫైడ్ సర్టిఫికెట్ గుర్తుందా? "బొనా ఫిదే" అంటే మంచి విశ్వాసంతో, చిత్తశుద్ధితో. పేపర్లో "హైకోర్టు సుమోటోగా స్వీకరించింది" అని చదువుతాం. అది "సుఓ మోతూ", తన సొంత కదలికతో, అంటే ఎవరూ అడగకుండా తనంతట తాను. బస్సు బోర్డు మీద "వయా విజయవాడ"లోని వయా కూడా అబ్లేటివే. "వియ" అంటే దారి, "వియా" అంటే దారిలో, దారి గుండా. ఇన్నాళ్ళూ మీరు వాడుతున్నవన్నీ "తో, లో" అర్థాలే.

"ఇన్" అనే ప్రిపొజిషన్‌ను కూడా తెలుగుతోనే చెప్పండి. "ఇన్ సిల్వా" అంటే అడవిలో, "ఇన్ సిల్వమ్" అంటే అడవిలోకి. ఉన్నచోటైతే అబ్లేటివ్, వెళ్ళేచోటైతే అక్యూజటివ్. "లో", "లోకి" తేడా తెలిసిన పిల్లకు ఇంతకన్నా వివరణ అక్కర్లేదు. మన "లో" మాట వెనక వస్తుంది, వాళ్ళ "ఇన్" ముందొస్తుంది, అంతే.

ఇప్పటిదాకా చెప్పినదాన్నిబట్టి తోక చూస్తే అంతా తేలిపోతుందని అనిపించవచ్చు. తేలదు. మొదటి డిక్లెన్షన్‌లోనే "ఐ" అనే తోక మూడు పనులు చేస్తుంది. "అగ్రికొలై" అంటే రైతు యొక్క, రైతుకు, రైతులు, ఈ మూడింట్లో ఏదైనా కావచ్చు. "పుఎల్ల అగ్రికొలై రొసమ్ దత్" అనే వాక్యం తీసుకోండి. క్రియ "దత్", ఇస్తోంది. చివర "త్" ఉంది కాబట్టి ఇచ్చేది ఒక్కరే, "రైతులు" అన్న అర్థం కొట్టేయవచ్చు. ఎవరు? పుఎల్ల, అమ్మాయి. దేన్ని? రొసమ్, గులాబీని. ఇవ్వడం అన్నాక ఎవరికి అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది, కాబట్టి రైతుకు. "అమ్మాయి రైతుకు గులాబీ ఇస్తోంది." కానీ "రైతుగారి అమ్మాయి గులాబీ ఇస్తోంది" అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది. రెండింటినీ నోటితో చెప్పించి ఏది ఎక్కువ కుదిరిందో తననే తేల్చమనండి. పట్టిక బట్టీ పట్టినంతమాత్రాన లాటిన్ ఎందుకు రాదో ఈ ఒక్క వాక్యంతో తెలుస్తుంది. ఒక తోకకు ఎన్ని అర్థాలున్నాయో పట్టిక చెబుతుంది, వాటిలో ఒకదాన్ని ఏరుకోవడం చదివేవాళ్ళ పని.

ఇంకో చిక్కు నపుంసకలింగం. దోనుమ్ అంటే బహుమతి. నామినేటివ్, అక్యూజటివ్ రెండూ ఒకటే రూపం. ఫలమ్, మళ్ళీ ఫలమ్ అని సంస్కృతంలో చదివారే, అదే. బహువచనంలో రెండూ "దోన". చూడ్డానికి "రొస"లాగా ఏకవచనం అనిపిస్తుంది. "దోన పుఎల్లమ్ దేలెక్తన్త్" అన్న వాక్యంలో దోన అనేది ఎవరో ఆడమనిషి పేరనుకున్న పిల్లలు కూడా ఉంటారు. క్రియ చివర "న్త్" ఉందంటే కర్త ఒకటి కాదు. బహుమతులు అమ్మాయిని సంతోషపెడుతున్నాయి. ఈ బహువచనం కూడా మనకు కొత్త కాదు: డేటా, మీడియా, బ్యాక్టీరియా మూడూ లాటిన్ నపుంసక బహువచనాలే. వాటి ఏకవచనాలు దతుమ్, మెదియుమ్, ఇక బ్యాక్టీరియమ్.

విశేషణాల సంగతి చెబుతానన్నాను. తెలుగు అస్సలు సాయం చేయని చోటు ఇదొక్కటే. మనకు "మంచి" ఎప్పుడూ మంచే. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకాలు, మంచివాళ్ళ సంగతి వదిలేస్తే మార్పు లేదు. లాటిన్ విశేషణం మాత్రం తన నామవాచకం లింగం, వచనం, విభక్తి మూడూ చూసి మారుతుంది. దీనికి నేను పాఠ్యపుస్తకం కంటే పెరటిని నమ్ముతాను. మొక్కలకూ జంతువులకూ శాస్త్రీయ నామాలు లాటిన్ వ్యాకరణం ప్రకారమే పెడతారు. మామిడి "మాంగిఫెరా ఇండికా". నువ్వులు "సెసేమమ్ ఇండికమ్". మన ఏనుగు "ఎలిఫాస్ మాక్సిమస్ ఇండికస్". మూడూ "ఇండియాకు చెందిన" అనే ఒకే విశేషణం. మామిడి స్త్రీలింగం, నువ్వులు నపుంసకం, ఏనుగు పుంలింగం. ఇండికస్, ఇండికా, ఇండికమ్ అని వరసగా చెబితే, క్లాసులో బట్టీ పట్టించే బొనుస్, బొన, బొనుమ్ వచ్చేసినట్టే.

ఇక అసలు చిక్కు. రావిచెట్టు పేరు "ఫైకస్ రెలిజియోసా". చింతచెట్టు "టామరిండస్ ఇండికా". నామవాచకం చివర "ఉస్" ఉంది, విశేషణం చివర "అ" ఉంది. తప్పు కాదు. లాటిన్‌లో చెట్ల పేర్లు సాధారణంగా స్త్రీలింగం, తోక ఎలా ఉన్నా సరే. అంటే విశేషణం నామవాచకం ప్రాసను చూడదు, లింగాన్ని చూస్తుంది. దీనికి తిరగేసింది "పొఏత బొనుస్", మంచి కవి. పొఏత, నౌత, అగ్రికొల, అంటే కవి, నావికుడు, రైతు, రొసలాగా నడిచినా పుంలింగాలే. ఈ సంవత్సరం మీ అమ్మాయికి పోయే మార్కుల్లో మంచి భాగం ఇక్కడే పోతుందని నా అంచనా. అమెరికా డిగ్రీ పట్టాల మీద రాసే "మగ్నా కుమ్ లౌదె" కూడా చూపించండి, గొప్ప ప్రశంసతో అని అర్థం. మగ్నా చివర "ఆ", లౌదె చివర "ఎ", అయినా రెండూ స్త్రీలింగ ఏకవచన అబ్లేటివే. కుటుంబాలు వేరు కాబట్టి తోకలు వేరు.

అవ్యయాల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. రెండు చిన్న తోకలు మాత్రం తెలుగువాళ్ళకు ముద్దొస్తాయి. "కన్తత్" అంటే పాడుతోంది, "కన్తత్నె" అంటే పాడుతోందా? మనం "ఆ" తగిలించినట్టు వాళ్ళు "నె" తగిలిస్తారు. "పుఎర్ పుఎల్లక్వె" అంటే అబ్బాయీ అమ్మాయీ. ఈ "క్వె", సంస్కృతంలో మాట తర్వాత వచ్చే "చ" ఒకే మూలం నుంచి వచ్చినవి.

కొన్నాళ్ళకు మూడో డిక్లెన్షన్ వస్తుంది, నిఘంటువులో ప్రతి నామవాచకానికీ రెండు రూపాలు ఎందుకిస్తారని అడుగుతుంది. రేక్స్, రేగిస్. కొర్పుస్, కొర్పొరిస్. నోమెన్, నోమినిస్. అప్పుడు "ఇల్లు" తీసుకోండి. ఇల్లుకి వెళ్దాం అంటామా? ఇంటికి. ఊరు, ఊరి. నోరు, నోటి. చెయ్యి, చేతి. విభక్తి తగిలేముందు మాట వేరే రూపం ఎత్తుతుంది, ఆ రూపం తెలియకపోతే తర్వాతివేవీ కట్టలేం. లాటిన్ నిఘంటువు ఇచ్చే రెండో మాట ఆ "ఇంటి" లాంటిది. దాని చివర "ఇస్" తీసేస్తే మిగతా విభక్తులు దాదాపు అన్నీ దానికే అంటుకుంటాయి. కొత్త నామవాచకాన్ని రెండు రూపాలతో కలిపి నేర్చుకోకపోతే నేర్చుకోనట్టే లెక్క.

దీర్ఘాల గురించి కూడా పట్టుబట్టండి. పుస్తకంలో అచ్చుమీద చిన్న గీత కనిపిస్తుంది, చాలామంది పిల్లలు దాన్ని అలంకారం అనుకుని వదిలేస్తారు. "వెనిత్" అంటే వస్తోంది, "వేనిత్" అంటే వచ్చింది. "లిబెర్" పుస్తకం, "లీబెర్" స్వేచ్ఛ గలవాడు. "మలుమ్" చెడు, "మాలుమ్" ఆపిల్ పండు. పుఎల్ల కర్త, పుఎల్లా అబ్లేటివ్. పడు, పాడు తేడా వినే చెవికి ఇవి తేలిక. పైగా ఎ, ఏ, ఒ, ఓ తేడా హిందీ లిపిలో సరిగా చూపలేం, తెలుగు లిపి ఇందుకు చక్కగా సరిపోతుంది. అమ్మాయికి తెలుగు చదవడం రాదన్నారు కాబట్టి మీరే పదాల పట్టీ తెలుగులో రాసుకుని బిగ్గరగా చదవండి. గీత ఉన్నదెక్కడో తను విని చెప్పాలి.

మామగారి మాట సగం నిజం. లాటిన్ సంస్కృతం నుంచి పుట్టలేదు. రెండూ ఒకే తల్లి పిల్లలు, ఆ తల్లి ఇప్పుడు లేదు. 1786లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ చేసిన ప్రసంగంలో ఉన్నది ఈ మాటే: సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ బహుశా ఇప్పుడు లేని ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని. తెలుగు ఆ కుటుంబంలోది కాదు. 1816లో మద్రాసులో క్యాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణానికి అప్పటి మద్రాసు కలెక్టర్ ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ముందుమాటకు జోడించి రాసిన గమనికలో, తెలుగు, తమిళం, కన్నడాల మూలం సంస్కృతం కాదని ఉదాహరణలతో చూపించారు. కాబట్టి లాటిన్‌తో పఠన్తి పోలిక చుట్టరికం, "నాకు ఉంది" పోలిక కేవలం ఒకే తీరు. హోంవర్కుకు రెండూ పనికొస్తాయి. మామగారితో వాదన పెట్టుకోవాలా వద్దా మీ ఇష్టం.

ట్యూషన్ ఇప్పుడే వద్దు. ఒక టర్మ్ ఇలా నడిపి చూడండి, రోజూ మూడు నాలుగు వాక్యాలు, పట్టికలు అంతకన్నా తక్కువ. మొదట ఏకవచనం, అందులోనూ నామినేటివ్, అక్యూజటివ్ మాత్రమే. ఆ రెండూ తడబడకుండా వచ్చాకే మిగతావి. నెట్‌లో అనువదించి పెట్టే వాటిని హోంవర్కు దగ్గరకు రానివ్వకండి, జవాబు ఒప్పైనా తోకలు చూసే అలవాటు పోతుంది.

ఈలోగా టీచర్‌కు ఒక మెయిల్ పెట్టి రెండు విషయాలు కనుక్కోండి. పరీక్షలో దీర్ఘాల గీతలకు మార్కులున్నాయా? విభక్తుల పట్టికను ఏ వరసలో అడుగుతారు? అమెరికా పుస్తకాల్లో సాధారణంగా నామినేటివ్, జెనిటివ్, డేటివ్, అక్యూజటివ్, అబ్లేటివ్ అని ఉంటుంది. బ్రిటిష్ పుస్తకాల్లో అక్యూజటివ్ ముందుకొస్తుంది, మన ప్రథమ, ద్వితీయలాగా. మీకు ఆ రెండోది నచ్చుతుందని తెలుసు, కానీ నెట్‌లో దొరికిన బ్రిటిష్ పట్టిక ప్రింట్ తీసి గోడకు అంటించకండి. స్కూలు పుస్తకంలో ఏ వరస ఉంటే ఇంట్లోనూ అదే.